బిల్లు కావాలంటే ఫోన్ నంబరు చెప్పాల్సిందేనా?

ప్రశ్న: మేం విజయవాడలో ఉంటాం. నాకు నలభై రెండేళ్లు, ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెబుతాను. మొన్న పెద్దమ్మాయి పుట్టినరోజు బట్టలకని ఒక పెద్ద షాపుకి వెళ్లాం. బిల్లు దగ్గర కుర్రాడు "నంబర్ చెప్పండి మేడమ్" అన్నాడు. ఇవ్వనన్నాను. "నంబర్ లేకపోతే సిస్టమ్ బిల్లు తీసుకోదండీ" అన్నాడు. నేనూ పట్టు విడవలేదు. వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటుంటే మావారు గబగబా తన నంబరు చెప్పేసి నన్ను బయటికి తీసుకొచ్చారు. "నీ నంబరేమన్నా బ్యాంకు లాకరా, అంత దాచుకోవడానికి" అని ఇల్లు చేరేదాకా ఒకటే సాధింపు. నా బాధ ఎవరికి చెప్పుకోను? రోజుకి పది పన్నెండు కాల్స్. ఒకరు సీఆర్‌డీఏ అప్రూవ్డ్ ప్లాట్లంటారు, ఒకరు పర్సనల్ లోనంటారు. అమ్మాయి పదో తరగతిలోకి వచ్చిందో లేదో ఇంటర్ కాలేజీలవాళ్లు పిల్ల పేరు పెట్టి మరీ అడుగుతున్నారు. ట్యూషన్ పిల్లల తల్లిదండ్రులేమోనని ఏ నంబరైనా ఎత్తక తప్పదు. షాపువాళ్లు నంబరు కోసం అలా పట్టుబట్టవచ్చా? ఈ నంబరు తీసేసి కొత్తది తీసుకుంటే పీడ వదులుతుందా? దయచేసి నా పేరు వేయకండి.
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: అమ్మా, మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మొదటిదానికి జవాబు చదివేలోపే మీరు సిమ్ తీసి పారేస్తారేమోనని నా భయం. పాత నంబరు వదిలేయకండి.

మీరు వదిలేసిన నంబరు ఎక్కడికీ పోదు. కంపెనీ దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి మళ్లీ అమ్ముతుంది. ఆపేసిన నంబరును కనీసం 90 రోజుల వరకు వేరేవాళ్లకు ఇవ్వరని ఫోన్ కంపెనీల మీద నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. అంటే మూడు నెలలు దాటాక ఎవరికైనా వెళ్లొచ్చు. ఆ నంబరు ఎక్కడెక్కడ ఇచ్చారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. బ్యాంకు, ఆధార్, పాన్, గ్యాస్ బుకింగ్, డిజీలాకర్, అమ్మాయి స్కూలు, కరెంటు బిల్లు, ఎప్పుడో పదేళ్ల కిందట తెరిచి మరిచిపోయిన ఈమెయిలు. వీటిలో ఏ ఒక్కటి మార్చడం మరిచిపోయినా దాని ఓటీపీ కొత్త యజమానికి వెళ్తుంది. అతను మంచివాడే అయినా మీ పని మాత్రం ఆగిపోతుంది. మంచివాడు కాకపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. బ్యాంకు లాకరా అని మీవారు వెటకారంగా అన్నారు గానీ ఈ రోజుల్లో నంబరు అచ్చంగా లాకరు తాళమే.

ఇంకో సంగతి. కొత్త నంబరు అంటే నిజంగా కొత్తదని కాదు. మీ పాతది ఇంకొకరికి వెళ్లినట్టే, మీకు వచ్చేదీ ఎవరో వదిలేసినదే కావచ్చు. కొత్త సిమ్ వేసిన వారంలోనే "ఫలానా రావు గారేనా, మీ ఈఎంఐ కట్టలేదు" అంటూ రికవరీ ఏజెంట్లు మొదలుపెట్టడం చాలామందికి అనుభవమే. మీకు సంబంధం లేదని ఎంత చెప్పినా వాళ్ల లిస్టులో పేరు మారదు. ప్లాట్ల కాల్స్ వదిలించుకోబోయి అప్పుల కాల్స్ తెచ్చుకున్నట్టవుతుంది.

అయితే మీ ఆలోచనలో సగం సరైనదే. కొత్త నంబరు తీసుకోండి, పాతది ఉంచుకోండి. ఇప్పటికే ఊరందరి చేతిలో పడ్డ పాత నంబరు బయటి ప్రపంచానికి వదిలేయండి. ట్యూషన్ తల్లిదండ్రులు, పార్సిళ్లు, చుట్టాలు, స్కూలు అందరూ దానికే చేస్తారు. కొత్త నంబరు మాత్రం బ్యాంకుకి, ఆధార్‌కి, యూపీఐకి, పాన్‌కి. అంతే. అది మీవారికి, మీకు తప్ప ఎవరికీ తెలియకూడదు. అత్తగారికి కూడా చెప్పకండి, ఆవిడ ప్రేమగా పది మందికి పంచుతారు. మామూలుగా అందరూ దీనికి తిరగేసి చేస్తారు. పాతది బ్యాంకుకి ఉంచి, షాపులకు చెప్పడానికి కొత్తది తీసుకుంటారు. ఆల్రెడీ లిస్టుల్లోకి ఎక్కిన నంబరునే బ్యాంకుకి ఉంచుకోవడం వల్ల లాభమేమిటో నాకర్థం కాదు. ఇలా విడదీసుకుంటే ఇంకో ఉపయోగముంది. పాత నంబరుకు "మీ బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం" అని ఎవరు చేసినా అబద్ధమని ఎత్తగానే తెలిసిపోతుంది, మీ బ్యాంకు దగ్గర ఆ నంబరే ఉండదు కదా.

తొందరపడి ఒక్కరోజులో అన్నీ మార్చకండి. ముందు కొత్త సిమ్ ఫోన్లో వేసి రెండు మూడు వారాలు ఊరికే ఉంచండి. ఎవరి పేరు మీద మెసేజ్‌లు వస్తున్నాయో చూడండి. వేరే ఎవరి బ్యాంకు మెసేజ్‌లో, అప్పు నోటీసులో వస్తుంటే ఆ సిమ్ వెనక్కిచ్చి ఇంకోటి అడగండి. శుభ్రంగా ఉందనుకున్నాకే ఆధార్ సెంటర్‌కి, బ్యాంకుకి వెళ్లండి. పాత నంబరుకు రీఛార్జ్ ఆగిపోకుండా చూసుకోండి. 90 రోజులు వాడకుండా వదిలేసిన ప్రీపెయిడ్ నంబరును కంపెనీ ఆపేయొచ్చు.

ఇక ఆ కాల్స్ ఎక్కడి నుంచి వస్తున్నాయనే సంగతి. ఇక్కడ మీవారికి కొంచెం మార్కులు వేయక తప్పదు. మీకు వచ్చే కాల్స్‌లో బట్టల షాపు పుణ్యం తక్కువేనని నా అనుమానం. కాలేజీల సంగతే చూడండి. అమ్మాయి పేరు, చదివే స్కూలు, పదో తరగతి అన్న సంగతి, మీ నంబరు, ఇవన్నీ కలిపి ఒకేచోట ఉండేది ఎక్కడ? తొమ్మిదో తరగతిలోనో, పదో తరగతి మొదట్లోనో స్కూలుకి ఏదో కాలేజీవాళ్లు వచ్చి "టాలెంట్ టెస్ట్" పెట్టి ఉంటారు. ఉచితం, బాగా రాస్తే ఫీజులో రాయితీ అని చెప్పి ఉంటారు. ఓఎంఆర్ షీటు పైభాగంలో పిల్ల పేరు, స్కూలు, తండ్రి వృత్తి, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు. పిల్లలు జవాబుల కంటే ముందు నింపేది అదే. ఆ టెస్టు మార్కులు ఎవరికి కావాలి, వాళ్లకు కావలసింది ఆ పై నాలుగు గళ్లే. ఆ తర్వాత పీఆర్వోల చేతికి లిస్టు వెళ్తుంది. ఎన్ని అడ్మిషన్లు తెస్తే అంత అన్న లెక్కన పనిచేసే మనిషి ఫోన్ చేయకుండా ఎలా ఉంటాడు? మీ అమ్మాయిని అడిగి చూడండి, అలాంటి టెస్ట్ ఏదైనా రాసిందేమో.

ప్లాట్లవాళ్లకు దారి వేరు. ఎగ్జిబిషన్‌లో, మాల్ గుమ్మం దగ్గర, పెట్రోలు బంకులో గాజు పెట్టె పెట్టి "లక్కీ డ్రా, కారు గెలుచుకోండి" అంటారు. కూపన్ మీద పేరు, నంబరు, నెల జీతం ఇంత నుంచి ఇంతలోపు అని టిక్కు. కారు ఎవరికి వచ్చిందో ఎవరికీ తెలియదు. పది రోజులకు మాత్రం "మీకు గిఫ్ట్ వచ్చింది, దంపతులిద్దరూ కలిసి హోటల్‌కి వచ్చి తీసుకోండి" అని ఫోన్ వస్తుంది. వెళ్తే అక్కడ రెండు గంటలు కూర్చోబెట్టి హాలిడే మెంబర్‌షిప్పో, వెంచరో అంటగట్టడానికి చూస్తారు. జీతం గడిలో టిక్కు పెట్టేదాకా ఎవరికీ అనుమానమే రాదు, కారు ఇవ్వడానికి మన జీతంతో పనేమిటని.

ఇంకో దారి మన చేతుల్లోనే ఉంది. ఆన్‌లైన్లో తెప్పించిన పార్సిల్ డబ్బా మీద పేరు, డోర్ నంబరుతో సహా అడ్రసు ఉంటాయి, చాలాసార్లు ఫోన్ నంబరు కూడా. వస్తువు తీసుకుని డబ్బా అలాగే చెత్తబండిలో వేస్తాం. ఆ స్టిక్కర్ చింపేయడం ఒక్క క్షణం పని. యూపీఐ యాప్ కూడా ఓసారి తెరిచి మీ ఐడీ చూసుకోండి. కొన్ని యాప్‌లలో మొదట ఇచ్చే ఐడీ మీ ఫోన్ నంబరుతోనే మొదలవుతుంది. సెట్టింగ్స్‌లో పేరుతో ఇంకో ఐడీ చేసుకోవచ్చు.

ఇప్పుడు షాపు. పట్టుబట్టకూడదు. ఈ విషయంలో మీరే కరెక్టు, మీవారు కాదు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిటైల్ వ్యాపార సంఘాలకు దీని మీదే ఒక సూచన పంపింది. ఫోన్ నంబరు ఇవ్వలేదని సరుకు అమ్మననడం, సేవ నిరాకరించడం వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుందని అందులో చెప్పింది. సూచన అంటే చట్టమంత గట్టిది కాదు, ఒప్పుకుంటాను. కానీ 2019 నాటి ఆ చట్టం చేతిలో ఉంది. కొన్నదానికి బిల్లు ఇవ్వకపోవడం, నమ్మి చెప్పిన వ్యక్తిగత వివరాలు ఇంకొకరికి చేరవేయడం, ఈ రెండింటినీ అనుచిత వ్యాపార పద్ధతులుగా చట్టమే పేర్కొంది. కాబట్టి "నంబరు లేకపోతే బిల్లు రాదు" అన్నవాడు "మా సాఫ్ట్‌వేర్ చట్టానికి లోబడదు" అని చెబుతున్నట్టే.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా 2023లోనే వచ్చింది. అందులో నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది, చట్టంలోనే రాసి ఉంది. ఒకరు మందుల షాపులో కొని, డబ్బు ముట్టినట్టు మెసేజ్ పంపమని తన నంబరు తానే ఇస్తారు. షాపువాడు ఆ నంబరును ఆ రసీదు పంపడానికి వాడుకోవచ్చు. దేనికోసం ఇచ్చారో దానికే. ఇదెంత మామూలు మాటో చూడండి, అయినా చట్టంలో రాయాల్సి వచ్చింది. దీని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. వ్యాపారసంస్థల మీద అసలు బాధ్యతలు పడేది మాత్రం ఆ తర్వాత పద్దెనిమిది నెలలకు, అంటే 2027 మేలో. అప్పటిదాకా ఈ చట్టం పేరు చెప్పి కౌంటర్ దగ్గర వాదన పెట్టుకోకండి, ఉపయోగం లేదు.

అసలు కౌంటర్ దగ్గర వాదనే వద్దంటాను. ఆ కుర్రాడు మీ మీద పగబట్టి అడగలేదు. ఎన్ని బిల్లులకు నంబర్లు ఎక్కించావని సాయంత్రం లెక్క అడిగే మేనేజరు చాలాచోట్ల ఉంటాడు. సామాను కౌంటర్ మీద పెడుతూనే, అతను నోరు తెరవకముందే, "నంబరు లేకుండా కొట్టండి బాబూ, కాగితం బిల్లు చాలు" అనండి. బిల్లు మొదలుపెట్టాక ఆపితే వెనక లైను ఆగుతుంది, మొదట్లోనే చెబితే గొడవ రాదు. అప్పటికీ సిస్టమ్ అంటే "సరే, మీ మేనేజరుతో ఆ మాటే చెప్పించండి" అనండి. ఎక్కువసార్లు అక్కడే పని అయిపోతుంది. షాపు నంబరో, తొమ్మిదులు పదో కొట్టి బిల్లు తీసేస్తారు. ఇది వాళ్లకు కొత్తేమీ కాదు. కాకపోతే బయటికొచ్చాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పొచ్చు.

కొందరు తెలివిగా నోటికొచ్చిన పది అంకెలు చెప్పేస్తుంటారు. అది మాత్రం చేయకండి. ఆ అంకెలు ఎవరో ఒకరివి, మీ బిల్లులూ ఆఫర్లూ వాళ్ల నెత్తిన పడతాయి.

ఎక్కడా ఇవ్వొద్దని కాదు. ఫ్రిజ్, ఏసీ, ఫోన్ లాంటివి కొంటే వారంటీ కోసం నంబరు ఉండడం మీకే మంచిది, సర్వీసు మనిషి రావాలన్నా కావాలి. బంగారం స్కీములో నెలనెలా కడుతుంటే కట్టినట్టు మెసేజ్ రావాలి. పాత నంబరు ఇవ్వండి. చీరకు, చెప్పులకు, కూరగాయలకు ఎందుకు? మార్చుకోవాలంటే బిల్లు ఉంటే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త. ఈ మిషన్ కాగితం బిల్లులు బీరువాలో పెట్టిన కొన్నాళ్లకే అక్షరాలు మాసి తెల్లబడతాయి. ఇంటికి రాగానే ఫొటో తీసి పెట్టుకోండి.

పాత నంబరుకు వచ్చే కాల్స్ తగ్గించడానికి డీఎన్‌డీ ఉంది, అంటే 'డు నాట్ డిస్టర్బ్', అమ్మకాల కాల్స్ వద్దని నంబరు నమోదు చేసుకోవడం. పేరు విని నవ్వకండి, పెట్టుకుని కూడా కాల్స్ వస్తున్నాయని చాలామంది అంటారు, అది నిజమే. అది ఆపేది పద్ధతిగా రిజిస్టర్ చేసుకున్న కంపెనీలనే. ప్లాట్లవాడు మామూలు పది అంకెల సిమ్‌తో చేస్తాడు కాబట్టి అతనికి అది అడ్డం రాదు. ఇంకోటి, ఏ షాపులోనో లాయల్టీ కార్డు ఫారంలో "ఆఫర్లు పంపడానికి సమ్మతమే" అన్న చోట టిక్కు పెట్టి ఉంటే, డీఎన్‌డీ ఉన్నా ఆ షాపు మెసేజ్ పంపొచ్చు. అయినా పెట్టుకోండి. 1909కి మెసేజ్ పంపినా, ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో నొక్కినా అవుతుంది. అన్నీ ఆపాలా, రియల్ ఎస్టేట్, చదువులు, బ్యాంకింగ్ ఇలా కొన్నే ఆపాలా అని ఎంచుకోవచ్చు.

డీఎన్‌డీ కంటే గట్టిగా పనిచేసేది ఫిర్యాదు. అమ్మకాల కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలన్నది నియమం. ఖాతాల గురించి చేసే కాల్స్ కోసం బ్యాంకులు, బీమా సంస్థలు 1600తో మొదలయ్యే నంబర్లకు మారుతున్నాయి. కాబట్టి మామూలు మొబైల్ నంబరు నుంచి ప్లాటు అమ్మబోయాడంటే ఆ కాలే తప్పు. 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ నిబంధనలు మార్చింది. మీరు డీఎన్‌డీలో లేకపోయినా ఇలాంటివాళ్ల మీద ఫిర్యాదు చేయొచ్చు. ఇదివరకు మూడు రోజుల్లోపు చేయాల్సింది, ఇప్పుడు ఏడు రోజుల వరకు టైముంది. పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే ఆ నంబరు మీద చర్య మొదలవ్వాలి. మొదటిసారి పదిహేను రోజులు అవుట్‌గోయింగ్ ఆపేస్తారు, మళ్లీ చేస్తే ఆ మనిషి పేరు మీదున్న కనెక్షన్లన్నీ ఏడాది పాటు పోతాయి. ఐదంటే ఐదే. మీ ట్యూషన్ తల్లుల వాట్సాప్ గ్రూపులో ఇదే పీఆర్వో ఎంతమందికి చేసుంటాడో ఊహించండి. విసుక్కుని బ్లాక్ చేసేస్తే వాడు మీ ఒక్కరికే దూరమవుతాడు. తలా ఒక ఫిర్యాదు పెడితే ఆ సిమ్మే పోతుంది. ఫిర్యాదులో వాడి నంబరు, తేదీ, ఏం అమ్మబోయాడో ఒక్క ముక్క ఉంటే చాలు.

ఫోన్ చేసినవాడు మీ పేరు, పిల్ల పేరు, నిన్న కొన్న చీర రంగు చెప్పినా అతను అసలు మనిషేనని నమ్మకండి. ఆ వివరాలన్నీ లిస్టులో దొరికేవే. ఓటీపీ అడిగినా, లింకు నొక్కమన్నా పెట్టేయండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత డబ్బు ఆపే వీలుంటుంది.

మీవారితో మాత్రం ఈ కాగితం పట్టుకుని వాదనకు దిగకండి. లైన్లో జనం చూస్తుంటే మొగమాటపడ్డారు, అంతకంటే ఏమీ లేదు. ఆయనకు కావలసింది అక్కడ గొడవ జరగకపోవడం. మీకు కావలసింది నంబరు ఇవ్వకపోవడం. సామాను పెట్టేటప్పుడే చెప్పేస్తే ఇద్దరిదీ జరుగుతుంది.

ఇంటర్ అడ్మిషన్ ఫారాలు రాబోతున్నాయి కాబట్టి ఒకటి చెప్పి ఆపుతాను. వాటిలో తండ్రి నంబరు, తల్లి నంబరు, వాట్సాప్ నంబరు, "అత్యవసరానికి ఇంకో నంబరు" అని గళ్లు గళ్లుగా ఉంటాయి. కింద "రిఫర్ చేయదగిన ఐదుగురు స్నేహితుల పేర్లు, ఫోన్లు" అని కూడా కొందరు పెడతారు. హాల్‌టికెట్ కబుర్లు, హాజరు మెసేజ్‌లు రావాలి కాబట్టి పాత నంబరు ఒక్కటి ఒక గడిలో రాయండి. మిగతా గళ్లలో అడ్డంగా గీత కొట్టండి. ఆ స్నేహితుల గడి అయితే పూర్తిగా కొట్టేయండి. అక్కడ రాసేవి మీ నంబర్లు కావు, పక్కింటివాళ్లవి. టాలెంట్ టెస్ట్ అని స్కూల్లో మళ్లీ షీట్లు పంచితే ఆ పైన ఏం రాయకూడదో అమ్మాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి.